అశ్మకదేశ గాథలందు విధియు పురుషకారమును

నిజామాబాదు పట్టణమునకు పడమటనున్న బోధను నేడు చెఱకుతోటలకును, 1937లో స్థాపింపబడి 2015లో మూతవడిన చక్కెర కర్మాగారమునకును పేరెన్నికగన్నది. చరిత్రలో దీని పూర్వనామము పోదనము. దీర్ఘనికాయమందలి మహాగోవిందసూత్రము అశ్మకుల రాజధాని పోతనమని చెప్పుచున్నది. మహాభారతమున అశ్మకుడు నెలకొల్పిన నగరము పౌదన్యము. పదియవ శతాబ్దమున వేములవాడ చాళుక్యుల యాస్థానకవి పంపడు, ఆ వంశపు యుద్ధమల్లుడు బోదనమున తైలముతో నింపిన బావిలో ఏనుగులకు స్నానము చేయించిన వైభవమును వర్ణించెను. ఈ పేళ్లన్నియు నొక్క యూరివే యని పెక్కురు పరిశోధకుల మతము.

ఈ దేశమునకు సంబంధించిన ప్రాచీన గాథలలో నొక ప్రశ్న మరల మరల వచ్చుచున్నది. విధి నిర్ణయించినదని లోకము నమ్ముదాని యెదుట మానవుడేమి చేయవలెను?

మొదటిది అశ్మకుని జన్మకథ. కల్మాషపాదుడు భార్యను గూడినచో మరణించునని యొక బ్రాహ్మణి శపించెను. రాజు వసిష్ఠుని ప్రార్థింపగా మదయంతి గర్భము దాల్చెను గాని, పన్నెండేండ్లు గడచినను ప్రసవము కాలేదు. అపుడామె ఱాతితో గర్భమును భేదించుకొని కుమారుని గనెను. అశ్మమనగా ఱాయి, ఆ బిడ్డకు పేరట్లు వచ్చినది. ఇచట శాపము సత్యమే, అది తొలగనులేదు. దాని హద్దులోనే వంశమునకు దారి దొరకినది.

రెండవది సుత్తనిపాతమందలి బావరి కథ. కోసలమునుండి వచ్చి అశ్మకదేశమున గోదావరీతీరమున వసించిన యీ వృద్ధబ్రాహ్మణుడు యజ్ఞము చేసి సర్వస్వమును దానమిచ్చెను. పిదప నొక బ్రాహ్మణుడు వచ్చి యైదువందలు యాచించెను. లేదనగా, ఏడవనాడు నీ తల యేడు వ్రక్కలగునని శపించెను. బావరి యాహారము మాని కృశించెను. అపుడొక దేవత తోచి, శపించినవాడు ధనాశగల వంచకుడనియు, తలయననేమో తల పగులుటయననేమో వాడెఱుగడనియు, ఎఱిగినవాడు బుద్ధుడనియు జెప్పెను. బావరి తన పదునార్గురు శిష్యులను బంపెను. వారు ప్రతిష్ఠానము, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి, వైశాలి మీదుగా మగధమునందలి పాషాణచైత్యమును జేరిరి. అచట లభించిన సమాధానము చిన్నది: అవిద్యయే తల, శ్రద్ధ, స్మృతి, సమాధి, ఛందము, వీర్యములతో గూడిన విద్యయే దానిని పగులగొట్టునది.

ఈ సమాధానమున వీర్యమను పదము ముఖ్యము. ఆ కాలముననే మస్కరి గోశాలుడు సమస్తమును నియతి వలననే జరుగుననియు, పురుషకారము లేదనియు బోధించెనని శ్రామణ్యఫలసూత్రము చెప్పుచున్నది. బావరి కథ యా వాదమునకు బ్రత్యుత్తరముగ నిలుచుచున్నది. శాపము నిజమో కాదో విచారించుటకే శిష్యులు దక్షిణాపథమునుండి మగధము వఱకు నడచిరి.

మూడవది బకాసురవధ. బోధనే ఏకచక్రపురమని స్థానికుల విశ్వాసము. ఈ పేరు తమదే యని చెప్పుకొను ఊళ్లింకను గలవు గావున దీనిని ఐతిహ్యముగానే గ్రహింపవలెను. కథలో రక్కసునికి ఇంటికొకరు చొప్పున వంతు. తన వంతు వచ్చిన బ్రాహ్మణుడు విలపించుచు, ఈ యూరు విడిచి పోవుదమని తాను పూర్వము కోరినను భార్య యంగీకరింపలేదని చెప్పును. కావున విధియని వారు తలచినది మనుష్యులు కుదుర్చుకొని మానలేకపోయిన యేర్పాటు. కుంతి భీముని బంపగా నది యొక్కదినమున ముగిసెను.

బావరికి దేవత తోడ్పడెను, భీముడు వాయుపుత్రుడు. ఇది దైవబలమే కాదా యని యాక్షేపింపవచ్చును. అది నిజమే. ఈ గాథలు దైవమును నిరాకరింపవు. కాని దేవత దారి చూపెనే గాని, నడచినవారు శిష్యులు. భీముని బలము దైవదత్తమైనను, పంపుటకు నిశ్చయించినది కుంతి.

మూడు గాథలను గలిపి చూడగా నొక వివేకము తేలుచున్నది. మదయంతి యెదుట నున్నది నిజమైన హద్దు. బావరి యెదుట నున్నది వట్టి బెదరింపు. ఏకచక్రపురమున నున్నది మానవుల యొడంబడిక. మూడింటికిని లోకము విధియను నొక్క పేరే పెట్టినది. పురుషకారమునకు మొదటి పని యిందేది యేదో గుర్తించుట. అది గుర్తింపనన్నాళ్లు బావరి యన్నము మానెను, ఏకచక్రపురవాసులు వంతులు లెక్కించుకొనిరి.