తోకకు కూడా వెల కట్టిన రాజ్యం

హోర్ముజ్ రేవు నుంచి తెచ్చే గుర్రం ఓడలోనే చచ్చిపోయినా సరే, దాని తోక తెచ్చి చూపిస్తే బతికున్న గుర్రానికిచ్చే వెలే ఇచ్చేవాడట విజయనగర రాజు సాళువ నరసింహరాయలు. 1530ల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిన మాట ఇది.

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే రైల్లో, దారిలో పెనుకొండ వస్తుంది, విజయనగర రాజులు తర్వాత తలదాచుకున్న చోటు. ఆ కోట దుఃఖాన్ని అందరూ తల్లికోట యుద్ధం నుంచి మొదలుపెడతారు. నన్నడిగితే అది సముద్రం దగ్గరే మొదలైంది.

మేలుజాతి గుర్రం అప్పట్లో దక్కనులో దొరికేది కాదు, ఓడ మీద రావాల్సిందే. శ్రీకృష్ణదేవరాయలకు ఇది తెలియక కాదు. రేవులు బాగుచేసుకోవాలనీ, గుర్రాలూ ఏనుగులూ తెచ్చే పరదేశి వర్తకులు శత్రువుల వైపు పోకుండా ఆదరించాలనీ ఆముక్తమాల్యదలోనే చెప్పాడు. హొన్నావరు, భట్కళ రేవులు తన సామంతుల చేతిలోనే ఉన్నాయి. అయినా హొన్నావరు నావికుడు తిమ్మయ్య సాయంతో 1510లో గోవా పట్టింది పోర్చుగీసు గవర్నర్ అల్బుకర్క్. ఆ గోవాకు సాటి వచ్చే నౌకాదళాన్ని విజయనగరం నిలబెట్టలేదు. డబ్బు లేక కాదు. పెనుకొండ ఖజానా అధికారిగా చెప్పుకునే విరూపణ్ణ లేపాక్షి గుడి కట్టించాడు. ఈ సీమ డబ్బు రాళ్లలోకి పోయింది, గుర్రాల్లోకి పోయింది; సముద్రంలోకి మాత్రం పోలేదు.

రెండో ప్రపంచయుద్ధం మీద యాక్సిస్ అండ్ అలైస్ అని ఒక ఆట ఉంది, పటం పరిచి ఆడతారు. దాడికి కదలకముందే ఎన్ని ట్యాంకులు, ఎన్ని ఓడలు కొనాలో తేల్చుకోవాలి. ఉన్నదంతా నేల మీదే పెట్టినవాడికి కడలి దాటాల్సి వచ్చినప్పుడు తెలిసొస్తుంది. విజయనగరానికీ సముద్రం విలువ అలాగే తెలిసొచ్చింది.

1547లో రాజు సదాశివరాయల పేరిట గోవా గవర్నర్ జొవావ్ ద కాస్త్రోతో ఒప్పందం కుదిరింది: గోవాలో దిగే గుర్రాలు విజయనగరానికే, పొరుగున ఉన్న బిజాపూరు సుల్తానుకు పోకూడదు. రాజ్యం నడిపే రామరాయలకు అది గెలుపే. కానీ ఆ గుర్రాలను ఆపాలన్నా వదలాలన్నా చెయ్యి పోర్చుగీసులదే.

1565 జనవరిలో తల్లికోట యుద్ధంలో రామరాయల తల తెగింది. తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఏనుగుల మీద ధనం వేసుకుని పెనుకొండ చేరాడు. ఐదు వందల యాభై ఏనుగులంటారు. లెక్క ఎంత నిజమో గానీ, ధనానికైతే కరువు లేదు. కరువు గుర్రాలకే.

ఆ తర్వాతి ఘట్టం నాకు యుద్ధం కన్నా బరువుగా తోస్తుంది. తిరిగి విజయనగరం వచ్చిన తిరుమలరాయలు గోవా వర్తకులకు కబురంపాడు: గుర్రాలు తెండి, మంచి వెల ఇస్తాను. యుద్ధంలో పోయిన తన ముద్ర గుర్రాలు తెచ్చినా అడిగినంత ఇస్తానన్నాడు, అభయమిచ్చాడు. వాళ్లు నమ్మి తోలుకొచ్చారు. ఇక రావని తేలేదాకా తీపిమాటలు చెప్పి, ఆపై చిల్లిగవ్వ ఇవ్వకుండా పంపేశాడు. దుఃఖంతో వాళ్లు పిచ్చివాళ్లలా అయిపోయారని, 1567లో అక్కడ ఏడు నెలలున్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడెరిక్ రాశాడు. చచ్చిన గుర్రం తోకకు వరహాలిచ్చిన సింహాసనం, బతికున్న గుర్రానికి ఎగనామం పెట్టింది.

గోవా కూడా బాగుపడలేదు, దాని వ్యాపారంలో పెద్ద భాగం ఈ రాజ్యంతోనే. పెనుకొండ మీదికి 1576లో బిజాపూరు సేనలు వచ్చాయి. తర్వాత రాజైన వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి, అటుపై వేలూరుకు మార్చాడు. ఆయన కొలువు 1610లో పులికాట్ రేవులో డచ్చివాళ్లకు చోటిచ్చింది. అక్కడా ఓడలు పరాయివాళ్లవే.