కన్సోల్ గేమ్ స్ట్రీమింగ్: టీవీ గది నుంచి కంప్యూటర్ దాకా

టీవీకి తగిలించిన గేమ్ కన్సోల్‌లో నడుస్తున్న ఆటను అదే ఇంట్లో మరో గదిలోని కంప్యూటర్ తెరపై వైఫై ద్వారా చూస్తూ ఆడే పద్ధతిని కన్సోల్ గేమ్ స్ట్రీమింగ్ అంటారు. సోనీ దీనికి రిమోట్ ప్లే అని పేరు పెట్టింది. మొదట్లో గేమ్ స్ట్రీమింగ్ అన్న మైక్రోసాఫ్ట్ కూడా తరవాత ఆ పేరుకే వచ్చింది. ఇందులో ఆట కంప్యూటర్‌లోకి రాదు. లెక్కలన్నీ కన్సోలే చేస్తుంది, బొమ్మలన్నీ అదే గీస్తుంది. కంప్యూటర్‌కు చేరేవి దృశ్యం, శబ్దం మాత్రమే. కంప్యూటర్ నుంచి తిరిగి వెళ్లేది ఆటగాడు ఏ బటన్ నొక్కాడన్న చిన్న సమాచారం. అందుకే ఆ ఆటను సొంతంగా నడిపే సత్తా ఏమాత్రం లేని పాత ల్యాప్‌టాప్ కూడా, వీడియోను సాఫీగా చూపగలిగితే చాలు, ఈ పనికి పనికొస్తుంది.

తెలుగు ఇళ్లలో ఈ సదుపాయం అక్కరకొచ్చేది ముఖ్యంగా హాల్లో ఒకే టీవీ ఉన్నప్పుడు. సాయంత్రం సీరియళ్ల వేళకు, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున, టీవీ ఇంటిల్లిపాదిదీ అవుతుంది. కన్సోల్‌ను ఊడదీయకుండానే ఆటను లోపలి గదిలోని కంప్యూటర్ మీదకు మార్చుకోవచ్చు.

దీన్ని క్లౌడ్ గేమింగ్‌తో కలిపి చూడకూడదు. క్లౌడ్ గేమింగ్‌లో ఆట ఎక్కడో కంపెనీ సర్వర్‌లో నడుస్తుంది, ఇంటర్నెట్ మీదుగా వస్తుంది. ఇక్కడ కన్సోల్, రౌటర్, కంప్యూటర్ మూడూ ఒకే కప్పు కింద ఉంటాయి. ఖాతాలో లాగిన్ కావడానికి ఇంటర్నెట్ కావాలి గాని, ఆట దృశ్యం ఇల్లు దాటి బయటికి పోదు. ఈ తేడా తెలియకనే చాలామంది ఆట తడబడగానే 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కు మార్చుకుంటారు. ఆ డబ్బు వల్ల ఇంట్లో స్ట్రీమింగ్‌కు ఒరిగేదేమీ ఉండదు.

చరిత్ర

సోనీ 2006లో ప్లేస్టేషన్ 3తో పాటే రిమోట్ ప్లేను తెచ్చింది. అప్పట్లో అది చేతిలో పట్టే పీఎస్పీ కోసం. పాటలు, ఫొటోలు, వీడియోలు వచ్చేవి గాని, ఆడగలిగిన ఆటలు కొన్నే. 2012లో నింటెండో వీయూ కన్సోల్ తన కంట్రోలర్‌లోనే ఒక తెర పెట్టి, ఆట దృశ్యాన్ని గాలిలో దానికి పంపింది. అదే ఏడాది సోనీ గైకాయ్ అనే స్ట్రీమింగ్ సంస్థను 38 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ పరిజ్ఞానం 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4కు ఉపయోగపడింది. కెమెరా వంటి ప్రత్యేక పరికరం తప్పనిసరైన కొన్నిటిని మినహాయిస్తే, ఆ కన్సోల్ ఆటలు దాదాపు అన్నీ వీటా అనే చేతి పరికరంలో ఆడేందుకు వీలయింది.

ఇంటి కంప్యూటర్ వంతు 2015లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ ఆటలను విండోస్ 10 కంప్యూటర్‌కు స్ట్రీమ్ చేయవచ్చని ఆ ఏడాది జనవరి 21న అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ ప్రకటించారు. జులై 29న విండోస్ 10 విడుదలతో అది అందరి చేతికీ వచ్చింది.  కన్సోల్‌ను, విండోస్‌ను ఒకదానికొకటి దగ్గర చేసే మైక్రోసాఫ్ట్ ప్రయత్నంలో ఈ సదుపాయం తొలి అడుగుల్లో ఒకటి. మొదటి షరతు: కన్సోల్, కంప్యూటర్ రెండూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉండాలి. కంట్రోలర్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించాల్సి వచ్చేది, ఎందుకంటే అప్పటి ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్‌లో బ్లూటూత్ లేదు. 2016 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ 4 కోసం వచ్చిన 3.50 సాఫ్ట్‌వేర్‌తో సోనీ కూడా విండోస్, మ్యాక్ కంప్యూటర్లకు దారి తెరిచింది. మామూలు ప్లేస్టేషన్ 4 నుంచి 720పి, ఆ ఏడాది చివర్లో వచ్చిన ప్రో నుంచి 1080పి దృశ్యం అందేది. ఇప్పటి ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లలోనూ ఈ సదుపాయం ఉంది.

పనిచేసే తీరు

1080పి చిత్రంలో దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 చిత్రాలు అనుకుంటే, కుదించని దృశ్యం సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. ఇంటి వైఫై అంత బరువు మోయలేదు. కనుక కన్సోల్‌లోని ప్రత్యేక చిప్ భాగం ప్రతి చిత్రాన్నీ గీసిన వెంటనే హెచ్.264 వంటి పద్ధతిలో కుదిస్తుంది. రిమోట్ ప్లేకు కనీసం 5 ఎంబీపీఎస్, మెరుగ్గా ఉండాలంటే 15 ఎంబీపీఎస్ కావాలని సోనీ చెబుతుంది. 15కు తేవడమంటే దాదాపు 200 రెట్లు కుదించడం. ముందరి చిత్రంతో పోల్చి, మారిన భాగాన్ని మాత్రమే పంపడం వల్ల ఇది సాధ్యమవుతుంది. పొగ, వాన, గడ్డి నిండిన దృశ్యాల్లో తెర అంతా ఒకేసారి మారుతుంది. అప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా కనిపించడానికి కారణం ఇదే.

కుదించిన చిత్రాన్ని చిన్న పొట్లాలుగా విడగొట్టి రౌటర్‌కు పంపుతారు. ఇందుకు సాధారణంగా యూడీపీ పద్ధతి వాడతారు. దారిలో ఒక పొట్లం తప్పిపోతే, అది మళ్లీ వచ్చేదాకా మిగతావి ఆగవలసిన పని ఇందులో ఉండదు. కంప్యూటర్ వాటిని విప్పి తెర మీద చూపుతుంది, ఆటగాడి స్పందనను తిరిగి పంపుతుంది. ఈ చక్రం సెకనుకు 60 సార్లు తిరగాలి. అంటే ఒక్కో చిత్రానికి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు.

యూట్యూబ్ వీడియో కొన్ని సెకన్ల భాగాన్ని ముందుగానే తెచ్చి దాచుకుంటుంది. మధ్యలో సిగ్నల్ కాసేపు తగ్గినా చూసేవారికి తెలియదు. ఆటకు ఆ వెసులుబాటు లేదు. ఆటగాడు ఇంకా నొక్కని బటన్‌కు ఫలితాన్ని ముందే తెచ్చి దాచలేరు. అదే వైఫైలో సినిమా చక్కగా ఆడుతూ, ఆట మాత్రం తడబడటానికి కారణం ఇక్కడే ఉంది.

ఆలస్యం

బటన్ నొక్కిన క్షణం నుంచి దాని ఫలితం తెర మీద కనిపించే దాకా పట్టే వ్యవధిని ఆటగాళ్లు లాగ్ అంటారు. టీవీలో నేరుగా ఆడినా కొంత లాగ్ ఉంటుంది. స్ట్రీమింగ్ దానికి కుదింపు, ప్రయాణం, విప్పడం అనే మూడు అంచెలు చేరుస్తుంది. బాగా అమర్చిన ఇంట్లో ఈ అదనం కొన్ని పదుల మిల్లీసెకన్లకు మించదు. దానికి చేయి అలవాటు పడుతుంది. చేయి అలవాటు పడలేనిది నిలకడలేని ఆలస్యం. ఒక చిత్రం 5 మిల్లీసెకన్లకు, తరవాతిది 80కి, ఆ తరవాతిది మళ్లీ 6కు వస్తే, సగటు చూడటానికి బాగానే ఉన్నా ఆట పాడవుతుంది. స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె చూసి మురిసిపోయేవారు గమనించవలసింది ఇదే. సెకనుకు ఎన్ని బిట్లు వస్తున్నాయన్నది కాదు, ఎంత నిలకడగా వస్తున్నాయన్నదే లెక్క.

ఆటను బట్టి కూడా భరించగల ఆలస్యం మారుతుంది. చదరంగం, పజిళ్లు, నెమ్మదిగా సాగే కథల ఆటల్లో అది పట్టించుకోనక్కర్లేదు. క్రికెట్ ఆటలో పరిస్థితి వేరు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి అర సెకను లోపే బ్యాట్ దగ్గరికి వస్తుంది. బౌలింగ్ నిదానంగా చేసుకోవచ్చు గాని, టైమింగ్ మీద నడిచే బ్యాటింగ్‌లో 80 మిల్లీసెకన్ల తేడా వికెట్ పడగొడుతుంది. ముష్టియుద్ధాల ఆటలు ఇంతకన్నా కఠినం. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే శబ్దం మరో 100 మిల్లీసెకన్లకు పైగా వెనకబడవచ్చు కాబట్టి తీగ ఉన్నవే మేలు.

గోడలు, గాలి

తడబాటు అసలు కారణాలు ఇంటి గోడల్లోనూ గాలిలోనూ ఉంటాయి. పాత గోడలు మార్చుకోలేని ఇళ్లకు ఖిలా వరంగల్ మంచి ఉదాహరణ. గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలాల్లో కట్టి బలపరచిన ఈ కాకతీయ కోటలో లోపలి ప్రాకారం పెద్ద గ్రానైట్ దిమ్మెలది, దాని వెలుపలిది మట్టికోట. ఈ ప్రాకారాల నడుమ, కీర్తి తోరణాలకు, ఖుష్ మహల్‌కు దాపున, ఈనాటికీ జనం కాపురాలు చేస్తున్నారు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకునే కట్టాలి. ఇలాంటి చోట పాత ఇంటి గోడలు తీసేసి కొత్తవి కట్టుకోవడం సులభం కాదు. ఉన్న గోడలతోనే వైఫై సర్దుకోవాలి.

వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం కన్నా తక్కువ. తరంగం పొట్టిదైన కొద్దీ గోడ దాన్ని ఎక్కువ మింగుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను రెండూ దాటగలవు. తొమ్మిదంగుళాల గోడ దగ్గర 5 గిగాహెర్ట్జ్ బాగా నీరసిస్తుంది. రాయీ మట్టీ కలిపి అడుగున్నర మందాన కట్టిన పాత గోడ, ఇనుప చువ్వలున్న స్లాబు, గోడకానించిన ఇనుప బీరువా దాన్ని దాదాపు ఆపేస్తాయి. వానాకాలంలో చెమ్మ పట్టిన గోడ పొడి గోడకన్నా ఎక్కువ అడ్డు.

గోడ ఆలస్యంగా మారే తీరు తెలుసుకోదగ్గది. సిగ్నల్ బలహీనపడగానే రౌటర్ వేగం తగ్గించి జాగ్రత్తగా పంపుతుంది. అదే పొట్లం గాలిలో ఎక్కువసేపు ఉంటుంది. చేరకపోతే మళ్లీ పంపాలి. వైఫై ఒకే మైకు ఉన్న సభలాంటిది: ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. కన్సోల్ కూడా వైఫైలోనే ఉంటే ప్రతి పొట్లం రెండుసార్లు గాలిలో ఎగరాలి, కన్సోల్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి కంప్యూటర్‌కు మరోసారి. ఈలోగా ఇంట్లోని ఫోన్లు, పక్కింటి రౌటర్లు తమ వంతు అడుగుతుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి రాసుకోని చానళ్లు 1, 6, 11 అనే మూడే. బ్లూటూత్ కంట్రోలర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు కూడా అదే పట్టీలో పనిచేస్తాయి. భారతదేశంలో ఆ పట్టీకి 2005లో లైసెన్సు అవసరం తొలగింది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విస్తారమైన చోటు 2018 అక్టోబరులో దొరికింది. తొలి ప్లేస్టేషన్ 4లో 5 గిగాహెర్ట్జ్ వైఫై అసలు లేదు, 2016 నాటి స్లిమ్, ప్రోలలోనే వచ్చింది. మొదటి రకం ఉన్నవారికి 2.4 గిగాహెర్ట్జ్ అనే ఇరుకు వీధి తప్ప వేరే దారి లేదన్నమాట, తీగ వేస్తే తప్ప.

సరిచేసుకునే దారి

తీగే అన్నిటికన్నా మంచి మందు. కన్సోల్‌ను రౌటర్‌కు ఈథర్‌నెట్ తీగతో కలిపితే గాలి ప్రయాణం సగానికి తగ్గుతుంది. కంప్యూటర్ ఒక్కటే వైఫైలో మిగులుతుంది. క్యాట్ 5ఈ తీగ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, ఏ ఇంటికైనా అది చాలు. కరెంటు తీగలున్న పైపులోనే దీన్ని దూర్చడం ప్రమాదం. వేరే పైపు వేయాలి, లేదా గోడ వెంట క్లిప్పులు కొట్టాలి.

రెండోది రౌటర్ స్థానం. కనెక్షన్ ఇచ్చే కుర్రాడు గుమ్మం దగ్గర ఎక్కడ మేకు కొడితే అక్కడే ఏళ్ల తరబడి రౌటర్ వేలాడుతూ ఉంటుంది. దాన్ని కంప్యూటర్ ఉన్న గదిలోకి, కనీసం ఒక్క గోడ మాత్రమే అడ్డుండే చోటికి, మనిషి తల ఎత్తుకు మార్చి, 5 గిగాహెర్ట్జ్‌కు కలిపితే చాలా ఇళ్లలో సమస్య అక్కడితో తీరుతుంది. గదికో పెట్టె పెట్టే మెష్ రౌటర్లు సిగ్నల్ గీతలు పెంచుతాయి గాని, పెట్టెల మధ్య తీగ లేకపోతే పొట్లానికి ఇంకో ఎగురుడు కలుస్తుంది. అవి కొనేముందు తీగ ధర కనుక్కోవడం మంచిది. ఇవి కుదరనప్పుడు 1080పిని 720పికి దించితే పొట్లాలు తగ్గి ఆట నిలకడగా సాగుతుంది.

వరంగల్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్లేస్టేషన్ 5 పనిచేయడానికి సోనీ చెప్పిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. స్ట్రీమింగ్ ఉన్న ఇంట్లో కన్సోల్‌ను చల్లగా ఉండే గదిలో పెట్టి, వేరేచోట కూర్చుని ఆడవచ్చు. పాత మందపాటి గోడల గది ఈ ఒక్క విషయంలో కన్సోల్‌కు మేలే చేస్తుంది.

ఇల్లు దాటితే

ఇంటి కన్సోల్‌ను ఊరవతల నుంచి కూడా ఆడవచ్చు. అప్పుడు మాత్రం ఇంటర్నెట్ పనితనం లెక్కలోకి వస్తుంది, ముఖ్యంగా కన్సోల్ ఉన్న ఇంటి అప్‌లోడ్ వేగం. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్‌లోని ఇంటి కన్సోల్‌ను వరంగల్ ఎన్ఐటీ విద్యార్థి ఆడితే, దాదాపు 145 కిలోమీటర్ల దూరానికి రానుపోను పట్టేది ఒకటిన్నర మిల్లీసెకను. దూరం అసలు అడ్డే కాదు. అడ్డుపడేది, చాలామంది కనెక్షన్‌దారులకు ఒకే ఐపీ చిరునామా పంచే మన ఇంటర్నెట్ సంస్థల పద్ధతి. బయటి నుంచి ఆ ఇంటి కన్సోల్‌ను నేరుగా పట్టుకోవడం దానివల్ల కష్టమవుతుంది. ఐపీవీ6 ఉన్నచోట ఇది కొంత తేలిక. కన్సోల్‌ను హాస్టల్‌కే తెచ్చుకున్నా చిక్కు తప్పకపోవచ్చు: ఒక పరికరం మరో పరికరానికి కనబడకుండా అమర్చిన హాస్టల్ వైఫైలో, ఒకే గదిలో ఉన్న కన్సోల్, ల్యాప్‌టాప్ కూడా ఒకదాన్నొకటి చూడలేవు.

అమెరికా చేరిన తెలుగు విద్యార్థి వరంగల్ ఇంట్లోని కన్సోల్‌ను కలపాలనుకుంటే లెక్క మారుతుంది. 13,000 కిలోమీటర్లు తిన్నగా వెళ్లి రావడానికే కాంతికి 130 మిల్లీసెకన్లు కావాలి. తీగలు వేసిన అసలు దారి ఇంతకన్నా పొడవు. అంత దూరం నుంచి చదరంగం, కథల ఆటలు ఆడుకోవచ్చు. బ్యాటింగ్ మాత్రం ఏ ప్లాన్ కొన్నా కుదరదు.