చర్మానికి చెట్టు మందు: నల్లమల మూలికల వెనుక మన చరిత్ర



రుద్రవరం పొలాల నుంచి తూర్పుకు చూస్తే నల్లమల కొండలు కనిపిస్తాయి. దక్షిణాన అహోబిలం. అక్కడి నరసింహస్వామి మన చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయన మన ఇంటి అల్లుడని పెద్దలు చెబుతారు. ఆ అడవి మనకు కథలతో పాటు మందులూ ఇచ్చింది. వాటిలో చర్మానికి వాడే మందుల చరిత్ర మీకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

చర్మం దురద పెడితే మన ఊళ్లలో అన్నిటినీ ‘గజ్జి’, ‘తామర’ అనేస్తాం. నిజానికి ఇవి వేరు. గజ్జి కంటికి కనిపించనంత చిన్న పురుగు వల్ల వస్తుంది. తామర బూజు జాతి వల్ల వస్తుంది. ఈ రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. మోచేతి మడతల్లో, మోకాలి వెనుక చర్మం పొడిబారి, ఎర్రబడి, దురద పెడుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఈ తేడా తెలియక ఎగ్జిమా ఉన్న పిల్లను పక్కన కూర్చోనివ్వకపోవడం, కంచం వేరు పెట్టడం జరుగుతుంది. హాస్టళ్లలో పనిచేసే మాకు ఇది చిన్న విషయం కాదు. ఒంటి దురద కంటే ఆ వెలి ఎక్కువ బాధపెడుతుంది.

మన అవ్వలు, తాతలు దీనికి ఏం వాడేవారు? వేపాకు కాచిన నీళ్లతో కడగడం, కానుగ నూనె రాయడం, రేల ఆకు నూరి పట్టు వేయడం. ఇవి మన గూడేల్లోనే పుట్టి ఇక్కడే ఆగిపోయిన పద్ధతులు కావు. ప్రాచీన వైద్య గ్రంథం చరక సంహితలో దురదను తగ్గించే పది ద్రవ్యాల జాబితా ఒకటి ఉంది. అందులో రేల, కానుగ, వేప, కొడిశపాల, తుంగ ఉన్నాయి. అవ్వ చేతి మందు, పండితుడి పుస్తకం ఒకే చెట్టు దగ్గర కలుసుకున్నాయన్నమాట.

అయితే పుస్తకాల్లో చెట్ల పేర్లు మిగిలాయి, చెప్పినవాళ్ల పేర్లు మిగల్లేదు. విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 1793 వరకు సామర్లకోటలో ఉండి మన ప్రాంతపు మొక్కలను వర్ణించాడు, తెలుగు పేర్లు కూడా రాశాడు. ఆ పేర్లు చెప్పిన పల్లె జనం ఎవరో మనకు తెలియదు. తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో ఆకు కోయాలన్నా, గింజ ఏరాలన్నా అనుమతి కావలసి వచ్చింది. అడవికి దూరమైన కొద్దీ చెట్టును గుర్తుపట్టే కన్ను కూడా తగ్గిపోతుంది.

నోటి మాటగా ఉన్న జ్ఞానం ఎంత సులువుగా చేజారుతుందో పసుపు కథ చెబుతుంది. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన దేశపు శాస్త్ర పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో అది రద్దయింది. గెలిపించింది రాసి ఉన్న కాగితం. పరాయి దేశంలో నోటి వాడుకగా మాత్రమే ఉన్నదాన్ని అప్పటి అమెరికా చట్టం సాక్ష్యంగా తీసుకునేది కాదు. మన గూడేల వైద్యం చాలావరకు నోటి వాడుకే.

ఇంకో కథ కేరళ కాణి గిరిజనులది. 1987లో వాళ్లు అడవిలో దారి చూపిస్తూ ఆరోగ్యపచ్చ అనే మొక్క గురించి శాస్త్రవేత్తలకు చెప్పారు. దాని నుంచి తయారైన మందుపై వచ్చిన లైసెన్సు సొమ్ములో సగం కాణీలకు ఇవ్వాలని ఒప్పుకున్నారు. ఆ సొమ్ము కోసం 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. చెప్పినవాళ్లకు వాటా దక్కడం సాధ్యమేనని దీంతో తేలింది.

ఇప్పుడు మనకు చట్టాలూ ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడే స్థానిక కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ జ్ఞానంపై సమాజానికి హక్కు ఉందని చెబుతుంది.

అలాగని అడవిలో ఉన్నదంతా మందు కాదు. నల్లజీడి రసం తగిలితే చర్మం పొక్కిపోతుంది. బావంచాలు రాసి ఎండలోకి వెళ్తే బొబ్బలు లేస్తాయి. కొందరికి వేపాకు కూడా పడదు. ఎగ్జిమాను పూర్తిగా పోగొట్టే ఆకు ఏదీ లేదు. దురద తగ్గించి ఊరటనిచ్చేవే ఉన్నాయి. పుండు రసి కారినా, జ్వరం వచ్చినా, పసిబిడ్డ అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. మోతాదు తెలియనిదే మందు ఇవ్వకపోవడం కూడా వైద్యంలో భాగమే.

మీ చేతిలో ఫోన్ ఉంది, ఇంట్లో అవ్వ ఉంది. ముందు ఆమెను అడిగి, ఆమె సరేనంటేనే రాయండి: చెట్టు పేరు, ఏ భాగం, ఏ కాలంలో తీయాలి, ఎవరికి వాడకూడదు. పైన ఆమె పేరు రాయండి. ఆ కాగితాన్ని ముందుగా గ్రామసభలో పెట్టండి. బయటివాళ్లకు ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో మనమంతా కూర్చుని నిర్ణయించుకుందాం.