గుంటూరు గ్రహణము – ధ్రువాకాశపు నీటియావిరి

వేసవి సాయంకాలమున ధవళేశ్వరము గట్టుపై నిలిచి చూచినచో, మధ్యాహ్నము కన్నెత్తి చూడరాని సూర్యుడు గోదావరి ఆవలియొడ్డున ఎఱ్ఱని బింబమై దిగిపోవుచుండును. అప్పుడు కిరణము గాలిలో చాల దూరము నడచి మన కన్నును చేరును. త్రోవలోని నీటియావిరి అందు కొంత వెలుగును హరించును. కంటికి కానరాని ఆవిరిని కొలుచుటకు శాస్త్రజ్ఞులకు దొరకిన ఆధారములలో ఇదియొకటి. ఈ విద్య కథలో మన తెలుగుదేశమునకును చోటున్నది. దానిని నేడు ముచ్చటింపదలచినాము.

సూర్యుడు క్రుంకు వేళ సౌరవర్ణమాలలో కొన్ని నల్లని గీతలు చిక్కబడును. అవి సూర్యునివా, భూమిపై గాలివా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్. 1866లో పారిస్‌లోని లా విల్లెట్ గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల ఇనుప గొట్టమును ఆవిరితో నింపి, దాని గుండ వచ్చిన దీపకాంతిని పరీక్షించెను. అట్టి గీతలే కనబడెను. అవి నీటియావిరికి ఆనవాళ్లని తేలెను.

రెండేండ్లకు, 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఆయన గుంటూరు వచ్చెను. సూర్యుని అంచున లేచిన జ్వాలల గీతలు మిక్కిలి స్పష్టముగా నుండుటచే, గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మఱునాడే చూచెను. కాంతిని విడదీసి దూరపు వస్తువు గుట్టు తెలిసికొను విద్యకు అది గొప్ప మలుపు.

130 ఏండ్ల తరువాత, 1998లో, ఫ్రాన్సువారి స్పాట్-4 ఉపగ్రహముపై అమెరికా నౌకాదళ పరిశోధనశాలవారి పోయమ్-3 పరికరము ఎగసెను. ధ్రువముల మీదుగా తిరుగు ఆ ఉపగ్రహమునకు దినమునకు 14 ఉదయములు, 14 అస్తమయములు. ప్రతిసారియు సూర్యకాంతి భూమి అంచున గాలిపొరలను దాటి వచ్చును. ఎఱుపునకు ఆవలి కాంతి ఎంత తగ్గినదో చూచి, ఏ యెత్తున ఎంత ఆవిరి కలదో 2005 వరకు లెక్కకట్టిరి.

అచ్చటి ఆవిరి పదిలక్షల పాళ్లలో నాలుగైదు పాళ్లు మాత్రమే. అదియు చాలవరకు మన ఉష్ణమండలము నుండి పోయినదే. ఇచ్చట లేచిన గాలి పదునేడు కిలోమీటర్ల చెంత తీవ్రమైన చలికి తేమను మంచుగా విడిచి, పొడిబారి, పైకి సాగి, ధ్రువముల కడ దిగునని 1949లో బ్రూవర్ తెలిపెను. అంత కొద్ది ఆవిరియే అంటార్కిటికా శీతకాలమున మేఘములకు తోడ్పడును. శీతలయంత్రాదులలో మనుష్యులు వాడిన రసాయనముల క్లోరిను ఆ మేఘములపై బలము పుంజుకొని, వసంతమున ఓజోను పొరను హరించును.

2022 జనవరి 15న టోంగా దీవుల చెంత అగ్నిపర్వతము ప్రేలి, సుమారు 15 కోట్ల టన్నుల ఆవిరిని ఆ పొరలకు ఎగజిమ్మెను. అచ్చట నున్నదానిలో అది పదియవ వంతు! 2004లో ఎగసిన ఆరా ఉపగ్రహము గాలి వెలువరించు సూక్ష్మతరంగములను బట్టి దానిని కొలిచెను. అంతకు ముందటి యేండ్ల లెక్కలు లేనిచో, పెరిగినది ఎంతయో చెప్పగలవారెవరు?

ఓజోను పొర పలుచనైనచో ఎండ తాకిడి ప్రాణికోటికి హాని. కావున ఆ దూరపు ఆకాశము మనకు పరాయిది కాదు. గోదావరి వరదను ఏటేట గుర్తించి వ్రాసికొనునట్లే, ఆ పొడి గాలిలోని తేమనును ఎడతెగక కొలుచుచుండవలెను.