పిల్లోడిని అడవికి పంపేది ఎవరు?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. హాస్టల్లో సీనియర్లుగా ఉన్నోళ్లు తప్పకుండా చదవాలి.

మత్తుకు అలవాటుపడిన పిల్లల్ని, చదువు వదిలేసి ఎవరితో మాట్లాడకుండా కూర్చున్న పిల్లల్ని కొన్ని వారాలు అడవిలోనో ఎడారిలోనో ఉంచి మామూలు మనుషుల్ని చేసే పద్ధతి ఒకటుంది. వైల్డర్‌నెస్ థెరపీ అంటారు. మన తాతలు ఊరికే తిరిగిన చోటికి వాళ్లు ఫీజు కట్టి పోతున్నారా అని మనకు నవ్వు రావచ్చు. కానీ దీని చరిత్ర చదివితే నవ్వు ఆగిపోతుంది. ఒకచోట ఈ పేరుతో పిల్లలు చనిపోయారు. ఇంకోచోట ఒక ఆదివాసీ ఊరు తన పిల్లల్ని తానే కాపాడుకుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పడానికే ఈ పోస్టు.

ఈ ఆలోచనకు పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు కర్ట్ హాన్. జర్మనీలో యూదు కుటుంబంలో పుట్టిన ఉపాధ్యాయుడు. హిట్లర్‌ని బహిరంగంగా వ్యతిరేకించినందుకు 1933లో అరెస్టు చేశారు. విడుదలయ్యాక బ్రిటన్ వెళ్లిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1941లో ఓడల కంపెనీకి చెందిన లారెన్స్ హోల్ట్‌తో కలిసి వేల్స్ తీరంలోని అబెర్‌డవీలో ఔట్‌వర్డ్ బౌండ్ అనే శిక్షణ బడి పెట్టాడు. ఓడ మునిగి చిన్న పడవల్లో మిగిలినప్పుడు కుర్ర నావికులు త్వరగా ధైర్యం వదిలేస్తున్నారు, పెద్ద వయసు వాళ్లే తట్టుకుంటున్నారు అనేది హోల్ట్ బాధ. అందుకే కుర్రాళ్లను సముద్రం మీదికీ, కొండల మీదికీ జట్లుగా తీసుకెళ్లేవారు. అప్పటికి అది వైద్యం కాదు, శిక్షణ మాత్రమే.

1962లో ఈ బడి అమెరికాలోని కొలరాడోకు చేరింది. 1960ల చివర్లో యూటా రాష్ట్రంలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో లారీ డీన్ ఓల్సెన్ అనే ఆయన విద్యార్థుల్ని ఎడారిలో నడిపించి, ఉన్నదాంతో బతకడం నేర్పాడు. 1980ల చివరికొచ్చేసరికి ఇది వ్యాపారమైంది. మాట వినని పిల్లల్ని బాగుచేస్తామని ప్రైవేటు సంస్థలు తల్లిదండ్రుల దగ్గర భారీగా డబ్బు తీసుకున్నాయి. కొన్ని చోట్ల అర్ధరాత్రి కూలి మనుషులొచ్చి, నిద్రలో ఉన్న పిల్లోడిని లేపి బండెక్కించుకుపోయేవారు. ఎక్కడికి పోతున్నాడో వాడికి తెలీదు.

1990లో యూటాలో 16 ఏళ్ల అమ్మాయి ఎండలో నడిచి నడిచి వడదెబ్బతో చనిపోయింది. 1994లో అక్కడే 16 ఏళ్ల అబ్బాయి కడుపు నొప్పి అని రోజుల తరబడి మొత్తుకుంటే నటిస్తున్నాడన్నారు. అల్సర్ పగిలి చనిపోయాడు. ఇలాంటి ప్రైవేటు కేంద్రాల్లో 1990 నుంచి 2004 మధ్య జరిగిన 10 మరణాలను అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ పరిశీలించి, 2007లో నివేదిక ఇచ్చింది. శిక్షణ లేని సిబ్బంది, చాలని తిండి, నిర్లక్ష్యం అని అందులో ఉంది. 2024లో కూడా నార్త్ కరోలినాలో 12 ఏళ్ల బాబు చేరిన మొదటి రాత్రే చనిపోయాడు. జాగ్రత్తగా నడిపే కేంద్రాలూ ఉన్నాయి, అక్కడ కోలుకున్న పిల్లలూ ఉన్నారు. కానీ అడవి ఒక్కటే ఎవరినీ కాపాడదని ఈ చావులు చెప్తున్నాయి.

ఇప్పుడు ఆస్ట్రేలియా పోదాం. దేశం మధ్యలో, ఆలిస్ స్ప్రింగ్స్ పట్నానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో యుయెండుము అనే ఊరుంది. అక్కడ ఉండేది వర్ల్పిరి ఆదివాసులు. 1928లో కోనిస్టన్ ప్రాంతంలో పోలీసుల గుంపు వాళ్లను వేటాడి చంపింది. ప్రభుత్వ లెక్కలోనే 31 మంది, నిజానికి చాలా ఎక్కువ. 1946లో ప్రభుత్వం రేషన్ ఇచ్చే కేంద్రంగా యుయెండుమును పెట్టి, నేల మీద తిరిగే జనాన్ని ఒకచోటికి చేర్చింది. ఆ జనం మనవళ్లు 1990లు వచ్చేసరికి డబ్బాల్లో పెట్రోలు పోసుకుని పీలుస్తున్నారు. మన పట్నాల్లో కొందరు పిల్లలు సొల్యూషన్ పీలుస్తారే, అట్లాంటిదే. మెదడు పాడవుతుంది, ప్రాణం పోతుంది.

1994లో ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నారు. పెట్రోలు పీల్చే పిల్లల్ని మౌంట్ థియో అనే చోటికి పంపాలని నిర్ణయించారు. అది ఊరికి వంద కిలోమీటర్లకు పైగా దూరం, తమ పెద్దల సొంత నేల. పెగ్గీ నంపిజిన్‌పా బ్రౌన్ లాంటి పెద్దవాళ్లు అక్కడే ఉండి పిల్లల్ని చూసుకున్నారు. పిల్లలు వేటకు పోయారు, కథలు విన్నారు, కడుపునిండా తిన్నారు, నిద్రపోయారు. ఊళ్లో ఏమీ తోచకే మళ్లీ మొదలుపెడతారని పెద్దలకు తెలుసు. అందుకే ఊళ్లో ఆటలు, డ్యాన్సులు, తర్వాత పనులు కూడా ఏర్పాటు చేశారు. 2000ల మొదటి సంవత్సరాలకు ఆ ఊళ్లో పెట్రోలు పీల్చడం దాదాపు ఆగిపోయింది. 2007లో పెగ్గీ గారికి ఆ దేశ ప్రభుత్వం ఆర్డర్ ఆఫ్ ఆస్ట్రేలియా పతకం ఇచ్చింది.

యూటాదీ ఎడారే, మౌంట్ థియోదీ ఎడారే. ఒకచోట పిల్లోడిని ముక్కూ మొహం తెలియనోళ్లు తీసుకుపోయారు. ఇంకోచోట నిర్ణయం తీసుకున్నది వాడి ఊరు, పక్కన కూర్చున్నది వాడి అవ్వ. తిరిగొచ్చేసరికి ఊళ్లో వాడి కోసం ఏదో ఒకటి సిద్ధంగా ఉంది.

ఇదంతా మనకెందుకంటే, మన హాస్టళ్లలో కూడా తమ్ముళ్లు మెల్లగా మూగబోతున్నారు. మెస్సుకు రారు, క్లాసుకు పోరు, సాయంత్రమైతే గోడ దూకి తాగొస్తారు. అప్పుడు వినిపించే మాట ఒకటే: "ఇంటికి పంపేయండి." ఆ పిల్లోడు ఒక్కడే బస్సెక్కుతాడు. పేరు రిజిస్టర్లో కొట్టేస్తారు. ఊళ్లో ఫెయిలై వచ్చాడంటారు. ఇల్లూ అడవీ మందు కావాల్సింది పోయి శిక్ష అవుతాయి.

పంపాల్సి వస్తే ముందు వాళ్ల అమ్మానాన్నతో, పిల్లోడు మాట వినే పెద్దమనిషితో మాట్లాడండి. మనలో ఒకరు ఊరిదాకా తోడు పోవాలి. వాడి మంచం, వాడి సీటు అట్లాగే ఉంటాయని వాడి ముందే చెప్పండి. ఒంట్లో బాగోలేదంటే నాటకం అనకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. చచ్చిపోవాలనిపిస్తోంది అంటే ఒంటరిగా వదలొద్దు, టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మీ ఊళ్లో దారి తప్పిన పిల్లల్ని పెద్దోళ్లు ఎట్లా దగ్గరికి తీసుకునేవారో మీ అవ్వనో తాతనో అడిగి కింద రాయండి. అన్నీ ఒకచోట చేరుద్దాం.