ఎఱ్ఱ ఉడుతల మరణవృత్తాంతము

ఉడుత యనినంతనే తెలుగువాని మనస్సున మెదలునది వీపుపై చారలు గల చిన్నిజీవి. ఆ చారలు సేతుబంధనవేళ శ్రీరాముడు వాత్సల్యముతో నిమిరిన వ్రేళ్ళ జాడలని మన పెద్దలు చెప్పుదురు. బ్రిటిషు దీవుల ఎఱ్ఱ ఉడుతకు చారలు లేవు. తుప్పువన్నె మేను, తెల్లని యుదరము, చలికాలమున చెవుల కొనలయందు నిక్కి నిలుచు వెండ్రుకల కుచ్చులు దానికి గుర్తులు. దానివైపు చాచిన మానవహస్తము నిమురుటకై చాచినది కాదు. కావుననే దాని చావుల చరిత్ర వ్రాయబూనినవానికి అడుగడుగునను మనుష్యుడే యెదురగుచుండును.

18వ శతాబ్దమున స్కాట్లండునందు అడవులు నఱకబడగా ఈ జంతువు అచ్చట ఇంచుమించుగా రూపుమాసినది. పిమ్మట భూస్వాములు తెప్పించి విడిచిన ఉడుతల సంతతి, క్రొత్తగా నాటిన పైను తోటలలో మరల వర్ధిల్లెను. వర్ధిల్లిన వెనుక, లేతచెట్ల బెరడును గీఱుచున్నదనియు చిగుళ్ళు కొఱుకుచున్నదనియు దానిపై నేరము మోపి, 1903లో హైలాండు ఉడుతల సంఘమును స్థాపించిరి. పేరు వినినవారు సంరక్షణసంఘమని భ్రమపడవచ్చును. దాని పని సంహారము. తోకకు ఇంతయని వెల కట్టి యిచ్చి, తొలి 15 ఏండ్లలోనే 60,000 పైచిలుకు ఉడుతలను చంపించిరి.

తుపాకి చేసిన పని యిట్లుండగా, దాదాపు 1900 మొదలు 1920 వఱకు వ్యాధి చేసిన పని అంతకు మించినది. ఇంగ్లండులో పెక్కుచోట్ల ఎఱ్ఱ ఉడుతలు నీరసించి, చర్మము పెచ్చులు గట్టి, చెట్లక్రింద చచ్చిపడుచుండెను. ప్రేగులలోని సూక్ష్మపరాన్నజీవియే కారణమని కొందఱు, గజ్జి యని కొందఱు, కఠినమైన శీతకాలమని మఱికొందఱు తలచిరి. ఉత్తర అమెరికానుండి తెచ్చి విడువబడిన బూడిదవన్నె ఉడుతలు ఇంకను చేరని సీమలలోను ఈ తెగులు కనబడుట 1931లో ఆ ఉడుతలపై గ్రంథము వ్రాసిన మిడిల్టన్ వంటి పరిశీలకులను ఆలోచింపజేసినది. ఆనాటి కళేబరములనుండి తరువాతి పరీక్షలకు పనికివచ్చు భాగములు దాచియుంచబడలేదు గనుక ఆ వివాదము నేటికిని తీర్పులేని వ్యాజ్యమే.

ఇక ఆ బూడిద ఉడుత కథ. 1876లో చెషైరు మండలమందలి హెన్‌బరీ యుద్యానమున, ఉత్తర అమెరికానుండి తెచ్చిన జంటను వేడుకకై విడిచిరి. పిదప బెడ్‌ఫర్డు ప్రభువు తన వోబర్ను ఎస్టేటునుండి వానిని పలుతావులకు కానుకలుగా పంపెను. 1911లో ఐర్లండునకు అవి పెండ్లికానుకగా బుట్టలో చేరినవని చెప్పుదురు. అవి హెచ్చినకొలది ఎఱ్ఱవి తగ్గుచుండగా, జనులు సహజముగనే హత్యాకథలు కల్పించిరి: బూడిదవి ఎఱ్ఱవానిని తఱిమి కఱచి చంపునట! ఓకుకాయలను జీర్ణించుకొనుటలో బూడిద ఉడుతదే పైచేయి యనుట నిజము. కాని అసలు ఆయుధము దాని పండ్లలో లేదు, అది మోసికొని తిరుగు వ్యాధిలోనున్నది.

ఆ యాయుధము కంటికి చిక్కినది 1980 ప్రాంతమున. నార్ఫోక్ మండలమందలి యొక ఎఱ్ఱ ఉడుత వ్రణములను ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచి, అందొక మశూచిజాతి వైరసును కనుగొన్నట్లు 1981లో ప్రకటించిరి. మన పల్లెలలో అమ్మవారు పోసినదని చెప్పుకొన్న రోగమునకు ఇది దూరపు చుట్టము. కన్నుల చుట్టును, పెదవులపైని, పాదములయందును పుండ్లు లేచి, కనలేక తినలేక ఎఱ్ఱ ఉడుత ఇంచుమించు రెండు వారములలో చచ్చును. బూడిద ఉడుతకు సాధారణముగా ఒక్క పొక్కైనను లేవదు. 2000లో వెలువడిన రక్తపరీక్షల ఫలితములలో, ఆరోగ్యవంతములగు బూడిద ఉడుతలయందు నూటికి 61 ఈ వైరసును ఎదుర్కొని బ్రతికిన చిహ్నములు చూపగా, ఎఱ్ఱవానిలో అట్టివి నూటికి 3 మాత్రమే. ఈ వైరసున్న సీమలలో ఎఱ్ఱ ఉడుతలు అది లేనిచోటికంటె 17 మొదలు 25 రెట్లు వేగముగా తొలగిపోవుచున్నవని 2006లో లెక్కతేల్చిరి. 2008లో మెర్సీసైడు తీరమున ఫార్మ్‌బీ పైనువనములలో ఈ మారి చెలరేగి, అచ్చటి ఎఱ్ఱ ఉడుతలలో అయిదింట నాలుగు వంతులకు తక్కువగాకుండ పొట్టన బెట్టుకొనెను. మోటారుబండ్లును పెంపుడు పిల్లులును తీయు ప్రాణములు వీనికి అదనము.

బూడిద ఉడుత కాలుమోపని బ్రౌన్‌సీ ద్వీపమున మశూచి లేదు. అయినను అచ్చటి ఎఱ్ఱ ఉడుతల చెవులును మూతియు ఉబ్బి, వెండ్రుకలు రాలుట చూచి పరీక్షింపగా, అది కుష్ఠువని 2016లో తేలినది. బ్రిటనులో మనుష్యులనడుమ శతాబ్దములక్రిందటనే సమసిన వ్యాధి! ఆ ద్వీపపు సూక్ష్మజీవి మధ్యయుగపు మానవాస్థులలో దొరికినదానికి సన్నిహితబంధువు.

మధ్యయుగమున ఉడుతచర్మము ప్రభువుల అంగీలకు అలంకారము. 1384లో ఒక్క యేట ఇంగ్లండునకు 3,77,200 చర్మములు దిగుమతి యయ్యెనట. ధనికుల యిండ్లలో ఉడుతలను పెంచుటయు కలదు. వించెస్టరు పట్టణమున నాటి చర్మకారుల తావున త్రవ్వితీసిన ఉడుతయెముకలలో కుష్ఠుక్రిమి జాడ కలదని 2024లో వెల్లడియైనది. అది నేటి ఉడుతలలోని దానికంటె, అదే పట్టణమున అదే కాలపు కుష్ఠురోగుల యెముకలలోని దానికే దగ్గఱ. ఎవరినుండి ఎవరికి సోకెనో ఆ యెముకలు చెప్పలేదు. అవి చేతుల, పాదముల చిన్నియెముకలు. ఒక్కొక్కదాని తూకము 20, 30 మిల్లీగ్రాములు, మన కంసాలి త్రాసులోని గురివిందగింజ యెత్తులో నాల్గవవంతు.