బాయి లాగు, దొడ్డి లాగు

ఏందే బిడ్డా, ఆ రేగుపండ్లు పిడికిట్ల పట్టుకొని కూసున్నవు? జేబుల ఏసుకొని చేతులు కాగబెట్టుకో. ఏందీ, పడుతలేవా? ఇటు రా, చూడనీ. ఓహో... దీనికి మూతి ఉన్నది గానీ కడుపు లేదు. పైన ఒక కుట్టు ఏసి జేబు లెక్క చేసి ఊకున్నరు. ఎంతకు కొన్నవు? వద్దులే, చెప్పకు. మీ తాత ఉంటే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకునేటోడు. ఆయన లాగుల జేబు కోసమే నా జీవితం సగం మిషిను మీద గడిచింది. కూసో, చెప్త. ముందుగాల ఆ మొద్దు ఇటు జరుపు, పొగంతా నా కండ్లల్లకే వస్తున్నది.

నా పెండ్లి 1970ల అయింది. ముందటేడే పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ కాడ మొదలైన తెలంగాణ లొల్లి ఊరూరా పాకింది. ఆ గడబిడల పెండ్లేందని మా నాయన ఒక ఏడు ఆగిండు. మీ తాతది ఇల్లందు బాయిల తట్టా చెమ్మస్ పని. బాయి అంటే నీళ్ల బాయి కాదే, బొగ్గుబాయి. చెమ్మస్ అంటే పార. పేల్చిన బొగ్గును పారతోటి తట్టకెత్తి, తట్టను నెత్తికెత్తుకొని పోయి టబ్బుల పోయాలె. కింగ్ అనే దొర 1871ల ఇల్లందు దిక్కు బొగ్గు జాడ పట్టిండని, 1889 నుంచి తవ్వి తీసుడు మొదలైందని మీ తాత వచ్చినోళ్లకల్లా చెప్పేటోడు, తనే దగ్గరుండి చూపించినట్టు.

ఆ పనికి లాగు నిలువదు బిడ్డా. నెత్తి మీద బత్తీ, నడుముకు బెల్టు, బెల్టుకు బ్యాటరీ. ఆ బ్యాటరీల యాసిడ్ ఉంటది. ఎప్పుడన్న ఒక చుక్క కారిందంటే గుడ్డ మీద మచ్చ పడ్డట్టే ఉంటది, బండకేసి ఉతికినంక చూస్తే అది బొక్క. కుడి తుంటి కాడ జల్లెడ, కూసునే కాడ దూది. రెండు నెలలకొక లాగు కుట్టియ్యాలంటే జీతమంతా దర్జీకే పోతది. గుడ్డ పైసలు ఒక ఎత్తు, కుట్టుకూలి ఇంకో ఎత్తు.

ఒక దసరా బోనసుకు పాత ఉషా మిషిను ఇంటికొచ్చింది. ఊరిడిసి పోతున్న ఒకాయన అమ్ముకున్నడు. కలకత్తల ఆ కంపెనీ పెట్టినాయన తన బిడ్డ పేరు దానికి పెట్టుకున్నడంట. కాళ్లతోటి తొక్కేది. ఇంట్ల చీకటి, చిన్న కిటికీ. అందుకని మీ తాత దాన్ని మోసుకపోయి దొడ్లె చిక్కుడు పందిరి కింద పెట్టిండు. అట్ల పడ్డది నా కార్ఖానా. పైన చిక్కుడు పూత, ఒక దిక్కు దడి మీద బీరతీగె, ఇంకో దిక్కు వంగమడి. కోడిపిల్లలు తొక్కుడుపలక కిందికి దూరేటియి. తొక్కే ముందు వంగి చూడకుంటే పిల్ల సచ్చినట్టే. ఇప్పటికీ కుర్చీల కూసుంటే ముందుగాల కాళ్ల కిందికి చూస్తనని మీ అమ్మ నవ్వుతది గదా, అది ఆ అలవాటే.

జాకెట్లు, లంగాలు నాకు వచ్చు. లాగు అట్ల కాదు. ఆ రోజుల్ల ఆడది మొగోని లాగు కుట్టుడేంది, కొలతలెట్ల తీస్తదని ఎగతాళి. తరువాత, 1979ల సర్కారు ట్రైసెం అని పథకం తెచ్చినప్పుడు గూడ, శిక్షణకు పోయొచ్చిన మనూరి పిల్లలు జాకెట్లు, గౌన్ల కాడనే ఆగిన్రు. లాగు జోలికి పోలేదు. నేనైతే టేపు పట్టుకోలేదు. కట్టుకున్నోని నడుమెంతో నాకు తెల్వదా?

తెల్వదని తేలింది.

ఇల్లందు బజారుల ఖాకీ డ్రిల్లు తెచ్చిన. రాత్రంతా గోలెంల నానబెట్టి, పొద్దున దడి మీద ఆరేసిన. కొత్త నూలుగుడ్డ ముందే నీళ్లల్ల ఎయ్యకపోతే, కుట్టినంక ముడుసుకపోయి చీలమండ పైకెక్కుతది. ఆ తెలివి ఉన్నది నాకు. సుద్ద లేక, అరిగిన సబ్బు ముక్క ఎండబెట్టి దాంతోటి గీతలు గీసిన. మరి తప్పు ఏడ చేసిననంటే, పైజామా లెక్క ముందు ముక్క, ఎనక ముక్క ఒకే తీరు కోసిన. కుట్టుడయింది, కాజాలు చేత్తోటి కుట్టిన, గుండీలు పెట్టిన. మీ తాత తొడుక్కొని దొడ్లె అటు ఇటు నడిచిండు. దడి అవతల మనిషి గూడ నిలబడి చూసింది. అంతట్ల ఆయన కండ్లు వంకాయ మీద పడ్డయి. కోద్దామని గొంతుకూసున్నడో లేదో, పర్రుమన్నది. ఎనకదంతా రెండు పాయలైంది. ఆయన లేవడు, నేను నవ్వు ఆపను. ఆఖరికి గోనెసంచి ఇచ్చిన, చుట్టుకొని ఇంట్లకు పోయిండు.

దడి అవతల నిలబడ్డది తండా నుంచి తేనె, చీపుర్లు అమ్మొచ్చే ముసలి యాడి. లంబాడోళ్ల ఆడోళ్లు తమ పేటియా, కాంచళి చేత్తోటే కుట్టుకునేటోళ్లు. అద్దాలు, గవ్వలు, పైసలు, ఎన్ని ఏసినా ఒక్క పోగు జారది. ఆమె లోపలికొచ్చి ఆ చినిగినదాన్ని ఒళ్లె పెట్టుకొని, "మనిషి నిలబడ్డట్టు కోసినవు, కూసున్నట్టు కొయ్యి బేటీ" అన్నది. ఏమన్నదో నాకు అప్పుడు ఎక్కలేదు. ఆ రాత్రి దర్జీ కుట్టిన పాత లాగు ఒకటి తీసి, బ్లేడుతోటి కుట్లన్నీ విప్పి, ముక్కకు ముక్క నేల మీద పరిచిన. అప్పుడు కనపడ్డది. ఎనక ముక్క ముందుదాని కంటే నాలుగు వేళ్ల వెడల్పు ఎక్కువ. నడుము కాడ గూడ ఏటవాలుగ పైకి లేచి ఉన్నది. ఆ ఎక్కువదంతా నిలబడ్డప్పుడు ఊరికె ముడుతలు పడి ఉంటది, వంగితేనే పనికొస్తది. ఆ ముక్కలను పాత పేపరు మీద పెట్టి అచ్చు కోసుకున్న. ఎనక కుట్టు రెండు వరుసలేసిన. కూసునే కాడ రెండు మడతల గుడ్డ పెట్టి, మీద దగ్గర దగ్గర కుట్లు. ఇది యాడి చూపించిందే. బ్యాటరీ తగిలే తుంటి మీద గూడ అట్లనే. ఇగ ఆ లాగు రెండు నెలలు కాదు, ఆరు నెలలు నడిచింది.

జేబంటివా? బాయి లాగుకు జేబు పెట్టలేదు. బాయిల బీడీ, అగ్గిపెట్టె నిషేధం. లోపల గ్యాసుంటది, నిప్పు తగిలితే అంతే. దిగేముందు జేబులు తడిమి చూసేటోళ్లు. ఆయనకేమో బీడీ మీద పానం. జేబుంటే చెయ్యి మర్చిపోయి పెడతదని, అసలు జేబే లేకుండ కుట్టమని ఆయనే అడిగిండు. ఆ లాగు బాయికి పనికి రాకుండ అయినంక కింద కోసి, పొట్టిగ చేసి, చక్కెరసంచి గుడ్డతోటి రెండు పక్కల మోచేతి దాక దిగే జేబులు పెట్టేదాన్ని. అది దొడ్డి లాగు. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, తానం చేసి, ఆ దొడ్డి లాగు ఎక్కిచ్చిండంటే మీ తాత ఇంకో మనిషి. ఆ జేబులల్ల ఏముండేదని అడుగు, ఏం లేకుండేదని అడుగు. సుతిలి, కొడవలి ముక్క, ఎండిన బెండకాయ, ఇప్పపువ్వు కాలంల ఇప్పపువ్వు. ఒక వానకాలం నాలుగు రోజులు ముసురు పట్టి, తడిసిన లాగు మూలకు పడ్డది. అయిదో నాడు ఉతుకుదామని దులిపితే జేబుల నుంచి చిక్కుడు మొలకలు తలకాయలు బయట పెట్టినయి. ఆయన ఆ మొలకలను ఒక్కొక్కటి తీసి దడి పొడుగూత నాటిండు. లాగు సంగతి మర్చిపోయిండు.

నాకు గడియారం బీరపూలే. బీరపువ్వు పొద్దుగూకేటప్పుడు విచ్చుతది. దడి మీద పసుపుపచ్చగ ఒకటొకటి తెరుసుకుంటుంటే ఇగ సూదిమొన కనపడదని, మిషినుకు మూత పెట్టే యాళ్లయిందని లెక్క. కింద రాలిన దారపు ముక్కలు ఊడిస్తే మీ తాత ఒప్పుకునేటోడు కాదు. వంగ ఆకులు రెండు దగ్గరికి గుంజి గూడు కుట్టుకునే ఇంతంత పిట్ట ఒకటి ఉండేది. నా ఖాకీ దారం దాని గూట్లె కనపడ్డదని ఒకనాడు నన్ను చెయ్యి పట్టి గుంజుకపోయి చూపెట్టిండు. నాకైతే దాని కుట్టు నా కుట్టు కంటే వంకరే అనిపించింది. ఆయనతోటి అనలేదు.

తరువాత టెరికాటు వచ్చింది. ముడుత పడదు, తొందరగ ఆరుతది గానీ చెమట పీల్చదు, బాయి పనికి పనికిరాదు. బెల్‌బాటం దినాలల్ల మీ నాయన కింద అంత వెడల్పు కావాలని ఏడిస్తే, నా పాత చీర అంచు కోసి అతుకేసిన. బడికి పోయి వచ్చి మళ్ల తొడగలేదు. ఇప్పుడు ఇల్లందు దిక్కే కోయగూడెం ఓపెన్‌కాస్టు ఉన్నది, తట్టా లేదు, చెమ్మస్ లేదు, పెద్ద మిషిన్లే తవ్వుతున్నయి.

చల్లారింది గదా, ఒక పుల్లెయ్యి. లోపల అటక మీద రేకు డబ్బా ఉంటది, తే. సూదిల దారం నువ్వే ఎక్కియ్యాలె, నాకు బెజ్జం కనపడదు. బ్లేడు గూడ అండ్లనే ఉంటది, పైలం. ఆ దొంగ కుట్టు విప్పితే లోపల సంచి కుట్టుడు ఎంతసేపు? చెప్పు మరి, ఎన్ని రేగుపండ్లు పట్టాలె?